పక్షవాతం భారమంతా ఇంటివాళ్ళ నెత్తిన పెట్టకండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, అధికారులకు, పక్షవాతం మీద పరిశోధన చేసే డాక్టర్లకు,

నమస్కారం. నేను గోదావరి జిల్లాల్లో ఫిజియోథెరపిస్టుని. క్లినిక్‌కి వచ్చేవాళ్ళలోనూ, నేను ఇళ్ళకి వెళ్ళి చూసేవాళ్ళలోనూ ఎక్కువమంది కాలూ చెయ్యీ పడిపోయినవాళ్ళే. వాళ్ళతో పాటు వాళ్ళ ఇంటివాళ్ళనీ రోజూ చూస్తుంటాను కాబట్టి వాళ్ళ తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. పార్టీలతో దీనికి సంబంధం లేదు. రెండు రాష్ట్రాలనీ కలిపే అడుగుతున్నాను, ఎందుకంటే ఈ విషయంలో ఏలూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు చెప్పేదీ ఖమ్మం వైపు నుంచి వచ్చినవాళ్ళు చెప్పేదీ ఒకటే.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. పక్షవాతం వచ్చిన మనిషిని కొన్ని రోజులు ఆస్పత్రిలో ఉంచి, "ఇంటికి తీసుకెళ్ళండి, ఎక్సర్‌సైజులు చేయించండి, మందులు మానకండి" అని పంపించేస్తున్నాం. ఆ తర్వాత ఆయన లేవకపోతే ఇంటివాళ్ళు సరిగ్గా చూసుకోలేదంటాం, మళ్ళీ వస్తే జనానికి అవగాహన లేదంటాం. ఏటా అక్టోబర్ 29న పక్షవాత దినం నాడు జరిగే సభల్లో కూడా ఎక్కువగా వినపడేది అవగాహన అనే మాటే. అవగాహన వద్దని ఎవరూ అనరు. కానీ ఇంటివాళ్ళకి నేర్పించి, పేషెంట్లకి చెప్పి వదిలేస్తే చాలదని మన దేశంలోనే, మన పేషెంట్ల మీదే చేసిన రెండు పెద్ద పరిశోధనలు తేల్చాయి. ఆ రెండింటినీ ముందు పెట్టుకుని మీ శాఖల్లో ఎవరైనా ప్లాన్ వేశారా అన్నదే నా ప్రశ్న.

మొదటిది అటెండ్ ట్రయల్, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. దేశంలో 14 ఆస్పత్రులు, 1250 మంది పేషెంట్లు. సగం మంది విషయంలో ఇంట్లో ఒకరిని, భార్యనో కొడుకునో కోడలినో ఎంచుకుని, ఎలా పడుకోబెట్టాలి, ఎలా కూర్చోబెట్టాలి, రోజువారీ పనులు మళ్ళీ ఎలా చేయించాలి అని ఆస్పత్రిలో ఉండగానే నేర్పించారు, ఇంటికెళ్ళాక కూడా కొనసాగించమన్నారు. మిగతా సగం మందికి మామూలుగా దొరికే వైద్యమే. ఆరు నెలల తర్వాత చూస్తే, చనిపోయినవాళ్ళూ ఇంకొకరి మీద ఆధారపడి బతుకుతున్నవాళ్ళూ కలిపి రెండు వైపులా 47 శాతం. తేడా లేదు. ఫిజియోథెరపిస్టులు చాలినంత మంది లేని దేశంలో ఇంటివాళ్ళే ఆ పని చేయగలిగితే ఎంత బాగుండేదో అని మా రంగంలో అందరం ఆశపడ్డాం. ఆ ఆశ నిలబడలేదు. అయినా ఆ ట్రయల్ చేసినవాళ్ళంటే నాకు గౌరవం, ఎందుకంటే పని చేయదని తేలిన సంగతిని దాచకుండా ప్రపంచం ముందు పెట్టారు.

రెండోది స్ప్రింట్ ఇండియా. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తోడ్పాటుతో ఏర్పడిన పక్షవాత ట్రయల్ నెట్‌వర్క్ చేపట్టిన మొదటి ట్రయల్ ఇది, 2023లో ఫలితాలు వచ్చాయి. 31 ఆస్పత్రులు, 4298 మంది. ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్ళకి రెండోసారి రాకుండా ఉండాలని 12 భాషల్లో ఎస్‌ఎంఎస్‌లు, చిన్న చిన్న వీడియోలు, ఒక వర్క్‌బుక్ ఇచ్చారు. ఏడాది లోపు మళ్ళీ పక్షవాతమో, గుండెజబ్బో, మరణమో సంభవించినవాళ్ళు ఇవన్నీ అందుకున్నవాళ్ళలో 5.5 శాతం, అందుకోనివాళ్ళలో 4.9 శాతం. గణాంకాల ప్రకారం రెండూ ఒకటే కింద లెక్క. ఇక కొనసాగించినా లాభం తేలదని ట్రయల్‌ని ముందుగానే ఆపేశారు. మాత్రలు క్రమంగా వేసుకోవడం, పొగ మానేయడం లాంటి అలవాట్లు కొంత మెరుగుపడ్డాయి కానీ అసలు ఫలితం మారలేదు.

ఇంకొకటి మా పక్కనే జరిగింది. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, 54 ఊళ్ళలో ఆశా కార్యకర్తలకి ట్యాబ్‌లు ఇచ్చి, బీపీ చూసి, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ళని గుర్తించి డాక్టర్ దగ్గరకి పంపే పద్ధతిని పరీక్షించారు. 2019లో వచ్చిన ఫలితం ఏమిటంటే బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళ సంఖ్యలో తేడా రాలేదు. ఆశాలు మాత్రం తమ వంతు పని చేశారు, ఎక్కువమంది ఇళ్ళకి మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. డాక్టర్ ఫాలో అప్ దగ్గరకొచ్చేసరికి సంఖ్య బాగా తగ్గిపోయింది. అంటే గొలుసు తెగింది జనం వైపు కాదు, మన వైద్య వ్యవస్థ వైపు.

ఈ మూడూ కలిపి చదివితే నాకు అర్థమైంది ఇది. కింది వాళ్ళకి పని అప్పజెప్పినంత మాత్రాన పైన లేని వ్యవస్థ పుట్టుకురాదు. పుస్తకం ఇవ్వొచ్చు, వీడియో పంపొచ్చు, కోడలికి నాలుగు ఎక్సర్‌సైజులు నేర్పొచ్చు, కానీ ఆమె వెనక ఒక నర్సూ ఒక థెరపిస్టూ ఒక డాక్టరూ, ప్రతి నెలా దొరికే మాత్రా లేకపోతే ఆమె ఒక్కతే ఏం చేయగలదు? ఆమె పొలం పనికి వెళ్ళాలి, పిల్లల్ని బడికి పంపాలి, మామగారికి పక్క మార్చాలి. ఒక మాట కూడా ఒప్పుకోవాలి, ఆ రెండు పెద్ద ట్రయల్స్ జరిగిన ఆస్పత్రుల్లో చాలావరకు పక్షవాతాన్ని అప్పటికే బాగా చూసేవి, అందుకే అదనంగా చేసినదానికి తేడా కనపడలేదేమో అని నా అనుమానం. ఏమీ లేని చోట ఏం జరుగుతుందో ఆ ట్రయల్స్ చెప్పవు. అది వేరే ప్రశ్న, చివర్లో అడుగుతాను.

మరి ఏది పని చేస్తుంది? అది కూడా పరిశోధనలే చెప్పాయి, అందులో కొన్ని చాలా చవక.

మింగడం సంగతి తీసుకోండి. పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి మొదటి రోజుల్లో గొంతు సరిగ్గా పని చేయదు. నీళ్ళు కడుపులోకి వెళ్ళాల్సినవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, న్యుమోనియా వస్తుంది, చాలామంది ప్రాణం తీసేది ఆ న్యుమోనియానే. నేను వెళ్ళిన ఒక ఇంట్లో పెద్దాయనని నవారు మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఆయన భార్య గ్లాసుతో జావ పోస్తోంది. ప్రతి గుక్కకీ గొంతులో గరగర, మాట్లాడితే నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు గొంతు తడితడిగా ఉంది, సన్నగా జ్వరం. "రెండ్రోజుల్నుంచి దగ్గు బాబూ, జలుబు చేసినట్టుంది" అంది ఆవిడ. డిశ్చార్జ్ కాగితాల్లో మందులు పేజీ నిండా ఉన్నాయి గానీ, మింగగలడో లేదో ఎవరైనా చూశారా అన్నదానికి ఒక్క లైను లేదు. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా ఆవిడకి ఎలా తెలుస్తుంది?

దీనికి చేయాల్సింది ఏమంత కష్టం కాదు. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కాసిని నీళ్ళు ఇచ్చి, దగ్గు వస్తుందా, గొంతు తడిగా మారుతుందా అని చూడాలి. తేడా ఉంటే నోటితో ఏమీ పెట్టకుండా ముక్కు గొట్టం వేయాలి. శిక్షణ ఉన్న స్టాఫ్ నర్సు చేయగలిగిన పని. ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో 19 స్ట్రోక్ యూనిట్లలో, అంటే పక్షవాతానికే కేటాయించిన వార్డుల్లో, నర్సింగ్ పరిశోధకురాలు సాండీ మిడిల్టన్ బృందం ఇదే పరీక్షించింది, 2011లో ప్రచురించారు. మొదటి మూడు రోజులు నర్సులు మూడు విషయాలు పట్టించుకోవడం, అంతే: జ్వరం వస్తే వెంటనే తగ్గించడం, షుగర్ చూసి అదుపు చేయడం, మింగే పరీక్ష చేయకుండా నోట్లో ఏమీ పెట్టకపోవడం. మూడు నెలలకి చూస్తే చనిపోయినవాళ్ళూ ఆధారపడినవాళ్ళూ మామూలు యూనిట్లలో 58 శాతం, ఈ పద్ధతి పాటించిన యూనిట్లలో 42 శాతం. ప్రతి వందమందిలో పదహారు మంది తేడా, కొత్త మందు లేదు, కొత్త మెషిన్ లేదు. పారాసిటమాల్, గ్లూకోమీటర్, చెంచా, నర్సు. నేను ఈ ఉత్తరంలో అడిగేవాటిలో ఒక్కటే చేస్తామంటే ఇదే చేయమంటాను. మన జిల్లా ఆస్పత్రుల్లో ఒక జీవో, ఒక వారం శిక్షణ, కేస్ షీట్‌లో మూడు గడులు. నర్సుల సంఖ్య పెంచకుండా ఇది కూడా వాళ్ళ నెత్తిన పడేస్తే మళ్ళీ అదే తప్పు అవుతుంది, అది కూడా గుర్తుపెట్టుకోండి.

స్ట్రోక్ యూనిట్ అనగానే కార్పొరేట్ ఆస్పత్రి గ్లాసు తలుపులు గుర్తొస్తాయి. అసలు దాని అర్థం పక్షవాతం పేషెంట్లందరినీ ఒకచోట ఉంచి, అది తెలిసిన డాక్టర్, నర్సులు, ఫిజియో, మాట నేర్పే థెరపిస్టు ఒక బృందంగా చూడటం. దీనివల్ల చావులూ వైకల్యమూ తగ్గుతాయనీ, వయసుతో, జబ్బు తీవ్రతతో సంబంధం లేకుండా లాభం ఉంటుందనీ 1990ల నుంచి ఎన్నో ట్రయల్స్‌ని కలిపి చూసి చెప్పారు. అస్సాంలోని తేజ్‌పూర్‌లో ఒక మిషన్ ఆస్పత్రి న్యూరాలజిస్టు లేకుండానే జనరల్ ఫిజీషియన్లతో స్ట్రోక్ యూనిట్ నడిపి చూపించింది. మన జిల్లా ఆస్పత్రిలో ఒక వార్డు చివర ఎనిమిదో పదో మంచాలు కేటాయించడానికి అడ్డేమిటో నాకు తెలియడం లేదు.

ఇక ఇంజెక్షన్ సంగతి. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి గడ్డని కరిగించే మందు పనిచేస్తుందని అమెరికాలో ట్రయల్ ఫలితం వచ్చింది 1995లో. అప్పుడు మూడు గంటల్లోపు అన్నారు, 2008లో నాలుగున్నర గంటల దాకా ఇవ్వొచ్చని తేలింది. ముప్ఫై ఏళ్ళు గడిచాయి. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి పంతొమ్మిది లక్షల మెదడు కణాలు పోతాయని 2006లో అమెరికా న్యూరాలజిస్టు జెఫ్రీ సేవర్ లెక్కగట్టారు, ఆ లెక్క తలుచుకుంటే మా పేషెంట్లు మొదట ఒక చిన్న ఆస్పత్రికి, అక్కడి నుంచి ఇంకో దానికి, అక్కడ సీటీ స్కాన్ లేదని మరో ఊరికి తిరిగిన గంటలు నాకు నిద్ర పట్టనివ్వవు.

ఆంధ్రప్రదేశ్ వాళ్ళకి ఇక్కడ ఒక సూటి ప్రశ్న. 2023 నుంచి మీరు గుండెపోటుకి ఐసీఎంఆర్‌తో కలిసి చాలా మంచి పథకం నడుపుతున్నారు. చిన్న ఆస్పత్రిలో ఈసీజీ తీస్తారు, పెద్దాస్పత్రిలో కార్డియాలజిస్టు చూసి చెప్తారు, వేల రూపాయల ఖరీదు చేసే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా ఇస్తారు. అదే మందు పక్షవాతానికీ పనికొస్తుంది. మన దేశంలో దానికి ఎప్పుడో అనుమతి వచ్చింది, పుణెలోనే తయారవుతోంది, అమెరికాలో ఆ అనుమతి 2025లో గానీ రాలేదు. గంటసేపు డ్రిప్‌గా ఎక్కించాల్సిన పాత మందు కన్నా ఇది ఒక్క పోటుతో అయిపోతుంది, అంబులెన్సులో ఇంకో ఊరికి పంపాల్సి వచ్చినా ఇబ్బంది లేదు. డోసు వేరు, గుండెకి ఇచ్చేదానికన్నా తక్కువ, కాబట్టి శిక్షణ తప్పనిసరి. ఇంకో తేడా కూడా ఉంది, గుండెకి ఈసీజీ చాలు, మెదడుకి సీటీ స్కాన్ ఉండాల్సిందే, ఎందుకంటే గడ్డా, రక్తస్రావమా అన్నది బయటి నుంచి చూసి చెప్పలేం, రక్తస్రావం అయినవాళ్ళకి ఈ మందు ఇస్తే ప్రాణం పోతుంది. కానీ చాలా జిల్లా ఆస్పత్రుల్లో ఇవాళ సీటీ ఉంది. కొండల మధ్య ఉన్న హిమాచల్ ప్రదేశ్ తన జిల్లా ఆస్పత్రుల్లోని మామూలు డాక్టర్ల చేత, సీటీ ఫొటోలు స్మార్ట్‌ఫోన్‌లో న్యూరాలజిస్టులకి పంపి, ఈ రకం ఇంజెక్షన్లు ప్రభుత్వ ఖర్చుతో ఇప్పించడం పదేళ్ళ కిందటే మొదలుపెట్టింది. మనకి పాడేరు ఉంది, ఉట్నూరు ఉంది, భద్రాచలం ఉంది. మనమెందుకు చేయలేం?

108 అంబులెన్సు పుట్టింది హైదరాబాద్‌లో, 2005లో. ఆ అంబులెన్సులో ఉండే ఈఎంటీకి (అత్యవసర చికిత్సలో శిక్షణ ఉన్న ఉద్యోగికి) మూతి వంకర, చెయ్యి జారిపోవడం, మాట తడబడటం చూసి గుర్తుపట్టే అధికారం, ఆ పేషెంటుని దగ్గరున్న ఆస్పత్రికి కాకుండా సీటీ, ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికే నేరుగా తీసుకెళ్ళే ఆదేశం రెండూ ఉండాలి. ముందే ఫోన్ చేసి చెప్తే అక్కడ సీటీ టేబుల్ ఖాళీగా ఉంటుంది. 2015లో ఒకేసారి ఐదు ట్రయల్స్ నిరూపించిన, తొడ దగ్గరి నాళం గుండా వైరు పంపి గడ్డని లాగేసే చికిత్స కూడా ఉంది, అది పెద్ద నగరాల పని, దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. ముందు జిల్లాలో ఇంజెక్షన్ అందనివ్వండి.

రక్తస్రావం అయినవాళ్ళకి చేసేదేమీ లేదు అనే మాట నేను ఇప్పటికీ వింటుంటాను. అది నిజం కాదు. 2023లో వచ్చిన ఇంటరాక్ట్ 3 ట్రయల్ పది దేశాల్లో, మన దేశంతో సహా, 7036 మంది మీద జరిగింది. పై బీపీని గంటలోపు 140 కిందకి తేవడం, షుగర్, జ్వరం అదుపు చేయడం, రక్తం పల్చబడే మందులు వాడుతుంటే దాని ప్రభావాన్ని తిప్పికొట్టడం. ఇవన్నీ కలిపి ఒక పద్ధతిగా చేస్తే చావులూ వైకల్యమూ తగ్గాయి. ఐతే ఇది సీటీ తీశాక చేయాల్సిన పని. ఊళ్ళో బీపీ 200 ఉందని కంగారుపడి నాలుక కింద మాత్ర పెట్టి ఒక్కసారిగా దించేయడం చాలా ప్రమాదం, గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే మెదడుకి అందే ఆ కాస్త రక్తమూ ఆగిపోతుంది. ఊళ్ళలో మొదట చూసేది ఆర్‌ఎంపీలే కాబట్టి వాళ్ళతో ఈ ఒక్క మాట మీరు కూర్చుని మాట్లాడాలి. సీటీకి ముందు ఆస్పిరిన్ ఇవ్వొద్దనీ, బీపీ దించొద్దనీ, బండి పిలవమనీ.

డబ్బు గురించి కూడా మాట్లాడుకోవాలి. నేను చూసే ప్రిస్క్రిప్షన్లలో చాలావాటిలో సిటికోలిన్ ఉంటుంది, ఇంజెక్షనో మాత్రో. మెదడు కోలుకుంటుందని ఇస్తారు, కూలి పని చేసుకునేవాళ్ళు అప్పు చేసి కొంటారు. 2012లో లాన్సెట్‌లో వచ్చిన ఇక్టస్ అనే ట్రయల్ 2298 మంది మీద దాన్ని పరీక్షించి లాభం లేదని చెప్పింది. కోలుకోవడానికని ఇచ్చే ఫ్లూయోక్సెటిన్ కథా అదే. చిన్న ట్రయల్‌లో బాగుందనిపించింది, తర్వాత బ్రిటన్‌లో 3127 మంది మీద చేసిన ఫోకస్ ట్రయల్‌లో లాభం కనపడలేదు, ఎముకలు విరగడం మాత్రం పెరిగింది. (డిప్రెషన్‌కి ఆ మందు వాడేవాళ్ళు దీన్ని చదివి ఆపేయకండి, అది వేరే విషయం. ఏ మందైనా మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టర్‌ని అడగండి.) ఆ ఖర్చు పెట్టే ఇంట్లోనే బీపీ మాత్ర నెలాఖరుకి అయిపోయి వారం రోజులు ఖాళీ పడుతుంది. పక్షవాతం వచ్చినవాళ్ళకి బీపీ తగ్గిస్తే రెండోసారి వచ్చే ముప్పు 28 శాతం తగ్గిందని ప్రోగ్రెస్ ట్రయల్ 2001లోనే చెప్పింది. మీ ప్రామాణిక చికిత్సా పద్ధతుల్లో ఏది ఉండాలో, ఏది అక్కర్లేదో తేల్చి రాయండి, పీహెచ్‌సీలో బీపీ మాత్రలు ఒకేసారి రెండు మూడు నెలలకి సరిపడా ఇవ్వండి. ప్రతి నెలా ఆటో కట్టించుకుని రావడానికి, నడవలేని మనిషికి ఎంత ఖర్చో ఒకసారి లెక్కేయండి.

రాకుండా చూసుకోవడం గురించి ఒక్క సంగతే చెప్తాను, ఉప్పు. 32 దేశాల్లో చేసిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనం పక్షవాతానికి అన్నిటికన్నా పెద్ద కారణం బీపీ అని చూపించింది. చైనాలో 600 ఊళ్ళలో, దాదాపు 21 వేల మందికి, మామూలు ఉప్పుకి బదులు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడించారు. 2021లో ఫలితం: పక్షవాతం 14 శాతం తగ్గింది. ఆవకాయ, అప్పడం, మజ్జిగలో ఉప్పు మనం మానలేం, మానమని చెప్పి చెప్పి అలిసిపోయాం. ఉప్పునే మారిస్తే? రేషన్ డిపోల ద్వారా ఒక మండలంలో ప్రయత్నించి చూడండి. కానీ ఒక్కటి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి పొటాషియం ప్రమాదం. శ్రీకాకుళం ఉద్దానం లాంటి చోట కళ్ళు మూసుకుని పంచితే మనుషులు చచ్చిపోతారు. అందుకే దీన్ని మన దగ్గర, మన ప్రాంతాలు తెలిసినవాళ్ళు పరీక్షించాలంటున్నాను.

ఇప్పుడు నా పని గురించి. డిశ్చార్జ్ అయ్యాక మొదటి మూడు నాలుగు నెలలే కోలుకోవడానికి అన్నిటికన్నా మంచి కాలం, సరిగ్గా అప్పుడే మన వ్యవస్థ మాయమైపోతుంది. ఇంట్లో లేపేటప్పుడు పడిపోయిన చేతినే పట్టుకుని లాగుతారు, భుజం కీలు జారుతుంది, ఆ నొప్పికి ఇక చెయ్యి తాకనివ్వరు. పాదం కిందకి వాలిపోయి అలాగే బిగుసుకుపోతుంది. రెండు గంటలకోసారి పక్క మార్చడం తెలియక నడుము కింద పుండు పడుతుంది. మాట పోయినవాళ్ళ సంగతి మరీ ఘోరం, జిల్లా కేంద్రం దాటితే స్పీచ్ థెరపిస్టు దొరకడు. మరోవైపు మొదటి రోజే లేపి నడిపించేయాలని తొందరపడే ఇళ్ళూ, ఆస్పత్రులూ ఉన్నాయి. 2015లో ఐదు దేశాల్లో 2104 మంది మీద చేసిన ఎవర్ట్ ట్రయల్ మొదటి 24 గంటల్లోనే మొదలుపెట్టి ఎక్కువసార్లు, ఎక్కువసేపు లేపితే ఫలితం కాస్త తగ్గుతుందని చూపించింది. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత చేయాలి అన్నది మనిషిని చూసి నిర్ణయించాల్సిన పని. వాట్సాప్ వీడియో చూసి కోడలు నిర్ణయించలేదు.

పసరు మందు కోసం ఊళ్ళు పట్టుకుని తిరిగేవాళ్ళని తప్పుపట్టడం తేలిక. నేను వాళ్ళని అడుగుతుంటాను ఎందుకెళ్ళారని. "ఆస్పత్రిలో ఇక చేసేదేం లేదన్నారండి, వాళ్ళు మాత్రం నలభై రోజులు రమ్మన్నారు" అంటారు. నలభై రోజులు రమ్మని పిలిచే ప్రభుత్వ ఫిజియోథెరపీ గది ప్రతి ఏరియా ఆస్పత్రిలోనూ ఉంటే చాలామంది అక్కడికే వస్తారని నా నమ్మకం.

ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్ళకి ఇప్పుడు నెలకి 15 వేల పింఛను ఇస్తున్నారు. చాలా మంచి పని, అందులో ఒక్క రూపాయి తగ్గించొద్దు. కానీ ఏడాదికి ఒక మనిషికి లక్షా 80 వేలు. అందులో చిన్న భాగం అంత డబ్బు, మంచాన పడకముందు, మొదటి మూడు నెలల థెరపీకి ఖర్చు పెట్టే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు? ఇక్కడ ఎన్టీఆర్ వైద్య సేవలో, తెలంగాణలో ఆరోగ్యశ్రీలో డిశ్చార్జ్ తర్వాత ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ సెషన్లకి ఒక ప్యాకేజీ పెట్టండి. ఇంటికి వచ్చి చూసే థెరపిస్టుకి, రానూపోనూ పెట్రోలుతో సహా లెక్కగట్టండి, లేకపోతే ఆ ప్యాకేజీ కాగితం మీదే ఉంటుంది. ఇందులో మా వృత్తికీ లాభం ఉంది, దాచను. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే ఇది అడగాల్సిన విషయం.

చివరగా పరిశోధన చేసే డాక్టర్లకి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం ఎప్పుడో స్ట్రోక్ రిజిస్ట్రీ పెట్టి, మన దగ్గర పుర్రె లోపలి రక్తనాళాలు ఇరుకవ్వడం వల్ల వచ్చే పక్షవాతం ఎంత ఎక్కువో 2002లోనే చెప్పారు. గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో ఏడాదిపాటు ప్రతి మరణాన్నీ నమోదు చేసి, మూడింట ఒక వంతు దాకా గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే అని 2006లో చూపించారు. అంటే ఇక్కడ పరిశోధన చేయలేకపోవడం ఎప్పుడూ లేదు. ఇప్పుడు మీరు తర్వాతి ట్రయల్స్‌ని పెద్ద ఆస్పత్రుల్లో కాకుండా జిల్లా, ఏరియా ఆస్పత్రుల్లో పెట్టండి. ఏమీ లేని చోట మింగే పరీక్ష, స్ట్రోక్ వార్డు, ఇంటికొచ్చే థెరపిస్టు ఈ మూడూ పెడితే ఆరు నెలలకి ఎంతమంది తమ పనులు తాము చేసుకుంటున్నారో కొలవండి. ఇంటివాళ్ళకి నేర్పించడాన్ని కూడా మళ్ళీ పరీక్షించండి, కానీ ఈసారి వాళ్ళ వెనక ఒక మనిషిని పెట్టి. ట్రయల్‌లో చేరినవాళ్ళకి ఫలితం ఏమైందో తెలుగులో ఒక పేజీ రాసి పంపండి, వాళ్ళ శరీరాల మీద తేలిన సంగతి వాళ్ళకి తెలియాలి కదా.

శాఖల నుంచి నేను కోరే జవాబు పెద్దదేమీ కాదు. వచ్చే అక్టోబర్ 29 లోపు ప్రతి జిల్లా ఆస్పత్రి గురించి నాలుగు విషయాలు బయటపెట్టండి: పక్షవాతంతో ఎంతమంది వచ్చారు, వాళ్ళలో ఎంతమందికి ఇంజెక్షన్ అందింది, ఎంతమందికి మింగే పరీక్ష చేశారు, ఆరు నెలల తర్వాత ఎంతమంది నడుస్తున్నారు. మొదటి ఏడాది అంకెలు బాగుండవు, ఫర్వాలేదు, ఎవరినీ నిందించం. ఏదో ఒక జిల్లాలో మొదలుపెడతామంటే నర్సులకి శిక్షణ ఇవ్వడానికి సెలవు పెట్టుకుని వచ్చే ఫిజియోథెరపిస్టులు మాలో ఉన్నారు, నేను కూడా వస్తాను.

ఇట్లు,
గోదావరి జిల్లాల నుంచి ఒక ఫిజియోథెరపిస్టు